ఇళ్ల రిజిస్ట్రేషన్లు పెరిగాయంటే ధరలు పెరిగినట్టేనా? హైదరాబాద్ నెలవారీ లెక్కలను ఎలా చదవాలి?

నెల తిరగ్గానే ఫోన్‌లో ఒక వార్త కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఇళ్ల రిజిస్ట్రేషన్లు ఇంత శాతం పెరిగాయనో, తగ్గాయనో. పెరిగిన నెలలో అదే వార్త లింకు ఏజెంటు దగ్గర్నుంచి వాట్సాప్‌లో కూడా వస్తుంది. ‘చూశారా సార్, వచ్చే నెల అడుగుకు ఇంకో మూడొందలు పెంచేస్తున్నారు, ఈ ఆదివారమే టోకెన్ ఇచ్చేయండి’ అని కింద ఒక మాట కూడా ఉంటుంది. తగ్గిన నెలలో మాత్రం ఆ లింకు రాదు.

కూకట్‌పల్లిలోనో, ఉప్పల్‌లోనో అద్దెకుంటూ, దాచుకున్న పాతిక లక్షలతో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కోసం తిరుగుతున్నవాళ్లకు ఆ ఒక్క మెసేజ్ చాలు, నిద్ర పట్టదు. ఇంతకీ ఆ అంకె ఏం లెక్కపెడుతోంది? అందులో మీరు కొనబోయే ఫ్లాట్ ధర గురించి ఏమైనా ఉందా?

ఈ లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయి?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సేల్ డీడ్ రిజిస్టర్ అయినప్పుడల్లా ఆ డాక్యుమెంట్ వివరాలు స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ కంప్యూటర్లలోకి చేరతాయి. ఆ సమాచారాన్ని తీసుకుని నైట్ ఫ్రాంక్ లాంటి రియల్ ఎస్టేట్ కన్సల్టెన్సీ సంస్థలు నెలవారీ నివేదికలు ఇస్తుంటాయి. వాటిలో ‘హైదరాబాద్’ అంటే జీహెచ్ఎంసీ అని కాదు. హైదరాబాద్, మేడ్చల్-మల్కాజిగిరి, రంగారెడ్డి, సంగారెడ్డి అనే నాలుగు జిల్లాలు. కొత్త ఫ్లాట్లు, చేతులు మారిన పాత ఇళ్లు రెండూ అందులో కలిసే ఉంటాయి. ధరను బట్టి 50 లక్షల లోపు, 50 లక్షల నుంచి కోటి, కోటి పైన అని మూడు వరుసలుగా విడదీస్తారు.

అనరాక్, ప్రాప్‌టైగర్ లాంటి సంస్థలు ఇచ్చేవి ఎక్కువగా మూడు నెలలకోసారి వచ్చే లెక్కలు. అవి చూసేది బిల్డర్లు కొత్తగా మొదలుపెట్టిన ప్రాజెక్టులను, వాటిలో జరిగిన బుకింగులను. రీసేల్ అక్కడ లెక్కలోకి రాదు. అందుకే ఒకే నెలలో ఒక వార్త ‘అమ్మకాలు పడిపోయాయి’ అంటే, ఇంకో వార్త ‘రిజిస్ట్రేషన్లు పెరిగాయి’ అంటుంది. రెండూ నిజమే కావచ్చు. ఒకటి పెళ్లిచూపుల లెక్క, ఇంకోటి పెళ్లిళ్ల లెక్క.

ఈ నెల రిజిస్ట్రేషన్ ఎప్పటి ధర?

చాలామంది తడబడేది ఇక్కడే. మీరు నిర్మాణంలో ఉన్న ఫ్లాట్‌ను 2022లో బుక్ చేశారనుకుందాం. అప్పుడే ధర మాట్లాడుకున్నారు. టవర్ పూర్తయింది, 2025లో సేల్ డీడ్ రిజిస్టర్ చేయించుకున్నారు. ఆ డాక్యుమెంట్ 2025 లెక్కలోకి వెళ్తుంది. కానీ అందులో రాసిన రేటు మూడేళ్ల కిందటిది. మహారాష్ట్రలో ఫ్లాట్ బుక్ చేసిన తొలి దశలోనే అగ్రిమెంట్‌కు స్టాంపు డ్యూటీ కట్టి రిజిస్టర్ చేస్తారు కాబట్టి, ముంబై నెలవారీ లెక్క తాజా అమ్మకాలకు కొంత దగ్గరగా ఉంటుంది. మన దగ్గర సేల్ డీడ్ సాధారణంగా నిర్మాణం పూర్తయ్యాకో, చివరి దశలోనో జరుగుతుంది. ముంబై వార్తను, హైదరాబాద్ వార్తను పక్కపక్కన పెట్టి పోల్చడంలో పెద్దగా అర్థం లేదు.

దీనికి ఇంకో కొసరు ఉంది. అయిదారొందల ఫ్లాట్లున్న గేటెడ్ కమ్యూనిటీకి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తే, రెండు మూడు నెలల్లో వందల డాక్యుమెంట్లు ఒకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చిపడతాయి. ఆ నెల ఆ జిల్లా గ్రాఫు పైకి లేస్తుంది. ఆ ప్రాంతంలో ఉన్నట్టుండి గిరాకీ పెరిగిందని దానికి అర్థం కాదు. ఆ గిరాకీ ఎప్పుడో పుట్టింది, డాక్యుమెంట్ ఇప్పుడు పుట్టింది.

పైగా పత్రం మీద సంతకం చేసిన తేదీ నుంచి నాలుగు నెలల లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వవచ్చని రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. మంచి రోజు, బ్యాంకు చెక్కు, స్లాట్ చూసుకుని జనం ఆఫీసుకు వెళ్తారు.

సగటు ధర పెరిగింది. అంటే అన్ని ఇళ్ల ధరలూ పెరిగాయా?

నైట్ ఫ్రాంక్ లెక్క ప్రకారం పైన చెప్పిన నాలుగు జిల్లాల్లో 2023లో సుమారు 71,900 ఇళ్లు రిజిస్టర్ అయ్యాయి. వాటి విలువ సుమారు 38,400 కోట్ల రూపాయలు. 2024లో అవి సుమారు 76,600 ఇళ్లు, 47,200 కోట్లు. ఇళ్ల సంఖ్య దాదాపు 7 శాతం పెరిగితే, విలువ 23 శాతం పెరిగింది. భాగించి చూస్తే ఒక్కో ఇంటి సగటు సుమారు 53 లక్షల నుంచి 61 లక్షలు దాటింది. అంటే 15 శాతం.

దీన్ని ‘హైదరాబాద్‌లో ఇళ్ల ధరలు ఏడాదిలో 15 శాతం పెరిగాయి’ అని చదివితే పొరపాటే. ఒక చిన్న లెక్క చూడండి. ఒక నెలలో 100 ఇళ్లు అమ్ముడయ్యాయి. 70 ఇళ్లు 45 లక్షలవి, 30 ఇళ్లు కోటీ 20 లక్షలవి. మొత్తం 67.5 కోట్లు, సగటు 67.5 లక్షలు. మరుసటి నెల కూడా 100 ఇళ్లే, అవే ధరలు. కాకపోతే ఈసారి చిన్నవి 60, పెద్దవి 40. మొత్తం 75 కోట్లు, సగటు 75 లక్షలు. సగటు 11 శాతం పెరిగింది. కానీ ఏ ఒక్క ఇంటి ధరా రూపాయి కూడా పెరగలేదు.

హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా జరుగుతున్నదానిలో ఇది పెద్ద భాగం. కోటి పైన ఇళ్ల వాటా పెరుగుతోంది, 50 లక్షల లోపు ఇళ్ల వాటా తగ్గుతోంది. అంటే ఆ వార్తలో మధ్యతరగతికి పనికొచ్చే సంగతి వేరే ఉంది. మీ బడ్జెట్‌లో దొరికే ఇళ్లు మార్కెట్‌లో తక్కువవుతున్నాయి. అందుకే నివేదిక వచ్చినప్పుడు పై అంకెను వదిలేసి, మీ బడ్జెట్ ఉన్న వరుసలో ఎన్ని ఇళ్లు రిజిస్టర్ అయ్యాయో చూడండి. మేడ్చల్-మల్కాజిగిరి, రంగారెడ్డి జిల్లాలే మొత్తంలో పెద్ద వాటా తీసుకుంటాయి కాబట్టి, జిల్లాల వారీ పట్టిక ఉంటే అది మరీ మంచిది.

ఆషాఢం, అధిక మాసం, మార్చి నెలాఖరు

గత నెలతో ఈ నెలను పోల్చడం అంత మంచి పద్ధతి కాదని చాలామందికి తెలుసు. అందుకే ‘గత ఏడాది ఇదే నెలతో పోలిస్తే’ అంటారు. కానీ మన కొనుగోళ్లు ఇంగ్లిష్ క్యాలెండర్ చూసి జరగవు.

2023లో ఆషాఢం జూన్ మూడో వారంలో మొదలై జులై 17తో ముగిసింది. ఆ వెంటనే అధిక శ్రావణం వచ్చింది, అది ఆగస్టు 16 వరకు. అసలైన శ్రావణం ఆ తర్వాతే. 2024లో ఆషాఢం ఆగస్టు 4తో ముగిసింది, 5 నుంచే శ్రావణం. ఇప్పుడు ‘2023 ఆగస్టుతో పోలిస్తే 2024 ఆగస్టు’ అని ఎవరైనా శాతం చెబితే, ఒక పక్క సగం నెల అధిక మాసం, ఇంకో పక్క దాదాపు నెలంతా శ్రావణం. దాన్నిబట్టి మార్కెట్ ఊపు మీద ఉందనడం తొందరపాటు. మూఢాలు, శూన్యమాసం కూడా ఇలాగే ఏడాదికేడాది అటూ ఇటూ జరుగుతుంటాయి. ఢిల్లీలోనో ముంబైలోనో కూర్చుని రాసే నివేదికల్లో ఈ పంచాంగం సంగతి సాధారణంగా కనిపించదు.

మార్చిలో ఆర్థిక సంవత్సరం ముగింపు హడావుడి ఉంటుంది. ఏప్రిల్‌లో కాస్త తగ్గితే అది పతనం కాదు.

ప్రభుత్వ నిర్ణయాల వల్ల లెక్క తెగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 8 నుంచి రిజిస్ట్రేషన్లు నిలిపివేశారు. వ్యవసాయేతర ఆస్తులకు మళ్లీ మొదలైంది డిసెంబరులో. ఆ మూడు నెలలను ఏ నెలతో పోల్చినా వచ్చే శాతానికి విలువ లేదు. 2013 తర్వాత మార్కెట్ విలువలను తొలిసారి 2021 జులై 22న పెంచారు. అప్పుడే రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 6 నుంచి 7.5 శాతానికి చేరింది. ఏడాది తిరక్కుండా 2022 ఫిబ్రవరి 1న విలువలు మళ్లీ పెరిగాయి. పెంపు తేదీ తెలియగానే ఆ లోపే పని కానిచ్చుకుందామని జనం ఆఫీసులకు పరుగెత్తడం మామూలే. అలా ఒక నెల ఉబ్బుతుంది, తర్వాతి నెల చప్పబడుతుంది. నిజంగా ఇల్లు కొన్నవాళ్ల సంఖ్యలో అంత తేడా ఉండదు.

కాబట్టి ఒక్క నెలను పట్టుకోకండి. మూడు నెలల సగటు తీసి, దాన్ని అంతకు ముందటి ఏడాది అవే మూడు నెలల సగటుతో చూడండి. అధిక మాసం తేడా అక్కడ చాలావరకు సర్దుకుంటుంది.

రిజిస్టర్ అయిన ధరే అసలు ధరా?

మనందరికీ తెలిసిన రహస్యం ఇది. ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, డాక్యుమెంట్‌లో రాసిన కొనుగోలు ధర, నిజంగా చేతులు మారిన డబ్బు అని మూడు అంకెలుంటాయి. స్టాంపు డ్యూటీని మొదటి రెండింటిలో ఏది ఎక్కువైతే దానిమీద వేస్తారు. మూడోది మొదటి రెండింటికంటే ఎక్కువగా ఉన్న లావాదేవీలు, ముఖ్యంగా రీసేల్‌లో, ఇప్పటికీ జరుగుతున్నాయి. అందువల్ల రిజిస్ట్రేషన్ లెక్కల్లోని సగటు ధర బయటి ధర కంటే తక్కువగానే కనిపిస్తుంది.

‘కొంత నగదుగా ఇవ్వండి, మీకు డ్యూటీ మిగులుతుంది’ అని అమ్మేవాళ్లు అంటే, మిగిలేదానికంటే పోయేదే ఎక్కువ. బ్యాంకు అప్పు డాక్యుమెంట్ విలువను చూసే వస్తుంది. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా ఉన్నందున లాభం ఎక్కువగా తేలి పన్ను పెరుగుతుంది. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఒప్పందం చెడితే ఆ డబ్బుకు రుజువు కూడా ఉండదు.

చదరపు అడుగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. బ్రోచర్‌లో ‘అడుగు ఏడు వేలు’ అన్నది సూపర్ బిల్టప్ మీద. కారిడార్, లిఫ్టు, మెట్లలో వాటా అన్నీ కలిపి. రెరా చట్టం ప్రకారం లెక్క చెప్పాల్సింది కార్పెట్ ఏరియా మీద. 1,200 అడుగుల ఫ్లాట్‌లో కార్పెట్ 840 అడుగులే ఉంటే, ఏడు వేల రేటు నిజానికి పది వేలు. రెండు ప్రాజెక్టులను పోల్చేముందు రెండింటినీ కార్పెట్‌లోకి మార్చుకోండి.

మీరు చూస్తున్న అపార్ట్‌మెంట్‌లో అసలేం జరిగిందో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. నాలుగు జిల్లాల సగటు కంటే ఇది వంద రెట్లు పనికొస్తుంది.

తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ, వెతుక్కునే సదుపాయం ఉంది. మీసేవలోనూ తీసుకోవచ్చు. ఈసీని చాలామంది ‘ఆస్తి మీద అప్పుందా లేదా’ చూడటానికే వాడతారు. కానీ అందులో ప్రతి లావాదేవీకి తేదీ, ఆస్తి విస్తీర్ణం, మార్కెట్ విలువ, డాక్యుమెంట్‌లో రాసిన ధర కూడా ఉంటాయి. మీరు చూస్తున్న అపార్ట్‌మెంట్ సర్వే నంబరుతోనో, ఇంటి నంబరుతోనో వెతికితే, అదే భవనంలో గత రెండు మూడేళ్లలో ఏ ఫ్లాట్ ఎంతకు రిజిస్టర్ అయిందో కళ్లముందుకు వస్తుంది. పైన చెప్పిన నగదు సంగతి గుర్తుంచుకుని చదవాలి. అయినా, ‘పై అంతస్తు పోయిన నెలే తొంభైకి పోయింది’ అని ఎవరైనా చెబితే అలాంటి డాక్యుమెంట్ ఒకటి ఉందో లేదో తేలిపోతుంది. వెబ్‌సైట్‌లో కంప్యూటరీకరించిన వివరాలు 1983 నుంచి ఉంటాయి. అంతకు ముందటివి కావాలంటే ఆఫీసుకే వెళ్లాలి.

అదే సైట్‌లో ప్రాంతాన్ని బట్టి మార్కెట్ విలువ చూసుకోవచ్చు. విలువలు మారుతుంటాయి కాబట్టి స్లాట్ బుక్ చేసుకునే ముందు మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

కొత్త ప్రాజెక్టు అయితే తెలంగాణ రెరా సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లు ఉన్న ప్రాజెక్టు రెరా నంబరు లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయి, పని ఎంతవరకు వచ్చింది అన్నది బిల్డర్ మూడు నెలలకోసారి అక్కడ పెట్టాలి. ‘అయిపోవస్తున్నాయి, మూడే మిగిలాయి’ అన్న మాటను ఆ పేజీతో పోల్చి చూడండి.

మీ ప్రాంతంలో అమ్ముడు కాని ఫ్లాట్లను నెలకు సగటున అమ్ముడయ్యే ఫ్లాట్లతో భాగిస్తే, మిగిలినవి అమ్ముడు కావడానికి ఎన్ని నెలలు పడుతుందో వస్తుంది. 6,000 ఫ్లాట్లు ఉండి నెలకు 300 పోతుంటే 20 నెలలు. అమ్మకాలు 200కు తగ్గితే 30 నెలలు. ఆ సంఖ్య పెరుగుతున్నచోట బేరమాడటానికి మీకు చోటుంది. హైదరాబాద్‌లో 2006 నుంచి భవనాల ఎత్తుకు ఎఫ్ఎస్ఐ పరిమితి తీసేశారు కాబట్టి, పడమటి వైపు ఒకే ఎకరంలో వందల ఫ్లాట్లు లేవగలవు. అక్కడ సరఫరా ఎక్కువయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

భూముల వేలం వార్త వచ్చింది. మా ఫ్లాట్ రేటు పెరుగుతుందా?

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరా 100.75 కోట్లు పలికింది. తర్వాత ఇంకా పెద్ద ధరలు కూడా వచ్చాయి. అలాంటి వార్త మర్నాడే చుట్టుపక్కల పది కిలోమీటర్లలో రేట్లు ‘చెప్పడం’ మొదలవుతుంది. చెప్పే రేటు వేరు, డాక్యుమెంట్ అయ్యే రేటు వేరు. ఆ ఎకరంలో కట్టబోయేది కొన్నేళ్ల తర్వాత వచ్చే ఖరీదైన టవర్. నిజాంపేటలో పదేళ్ల నాటి రీసేల్ ఫ్లాట్‌కు దానితో ఉన్న సంబంధం చాలా తక్కువ.

ప్రీలాంచ్ ఏ లెక్కలోకి వస్తుంది?

ఏ లెక్కలోకీ రాదు, ఇబ్బంది అదే. రెరా నంబరు రాకముందే ‘అడుగు సగం ధరకే, మొత్తం ఒకేసారి కట్టాలి’ అని తీసుకునే డబ్బు బుకింగుల పట్టికలో ఉండదు. కొందరు నమ్మకం కోసం భూమిలో అవిభాజ్య వాటా, అదే యూడీఎస్, రిజిస్టర్ చేసి ఇస్తారు. దాంతో మీకు చేతికొచ్చేది భూమిలో కొన్ని గజాల వాటా మాత్రమే. ఫ్లాట్ ఎప్పుడు కడతారు, అసలు అనుమతి వస్తుందా అన్నదానికి ఆ కాగితం జవాబు చెప్పదు.

రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ఫ్లాట్ ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికి వేరే ఖాతాలో ఉంచాలి. ప్రీలాంచ్‌లో మీరు వదులుకునేది ఈ రెండు రక్షణలనూ. ధర తక్కువ ఎందుకో దాన్నిబట్టే అర్థమవుతుంది.

చెరువులకు దగ్గరున్న స్థలమైతే హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దుల పటాలు చూడండి. 2024 జులైలో హైడ్రా ఏర్పాటైన తర్వాత కూల్చివేతలు మొదలయ్యాక, చాలామంది ఆ సైట్ పేరు మొదటిసారి విన్నారు.

తొందరపడితే పోయేదెంత, ఆగితే పోయేదెంత?

80 లక్షల ఫ్లాట్, ఇంకా కడుతున్నది అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు. అంటే గరిష్ఠంగా 64 లక్షలు. మిగతా 16 లక్షలు మీవి. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. నిర్మాణంలో ఉన్నందున జీఎస్టీ 5 శాతం, 4 లక్షలు. అంతా కలిపి చేతి నుంచి 26 లక్షలు. పార్కింగ్, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్ దీనికి అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అది అమ్మేవాళ్ల డబ్బులోంచే, మీకు అదనపు ఖర్చు కాదు. కానీ మరిచిపోతే నోటీసు వచ్చేది మీకే.

ఇప్పుడు ఏజెంటు చెప్పిన మూడొందల సంగతి. 1,200 అడుగుల మీద 3 లక్షల 60 వేలు. ఆయన మాట నిజమైతే ఒక నెల ఆగినందుకు మీకు పడే భారం అది. అబద్ధమైతే ఏమీ లేదు. ఆ నెలలో ఈసీ, రెరా పేజీ, చెరువు పటం చూసుకోకుండా కట్టిన టోకెన్ ఇరుక్కుంటే పణంగా పెట్టినది 26 లక్షలు, ఆ పైన ఇరవై ఏళ్ల ఈఎంఐ.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఒక మాట. అక్కడ కూడా రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతమే. కాకపోతే స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1 శాతంగా విడిపోతుంది. మార్కెట్ విలువలను 2025 ఫిబ్రవరి 1న సవరించారు. కాబట్టి 2025 జనవరి, ఫిబ్రవరి నెలలను పోల్చే వార్తలను పైన చెప్పిన జాగ్రత్తతోనే చదవాలి. విజయవాడ, విశాఖపట్నంలలో ఇళ్ల ధరల ధోరణి కావాలంటే నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మూడు నెలలకోసారి విడుదల చేసే రెసిడెక్స్ సూచీలో ఈ రెండు నగరాలూ ఉన్నాయి, హైదరాబాద్ కూడా ఉంది. బ్యాంకులు అప్పు ఇచ్చేటప్పుడు వేయించిన విలువల ఆధారంగా ఒకటి, నిర్మాణంలో ఉన్న ఇళ్ల మార్కెట్ ధరల ఆధారంగా ఇంకోటి, రెండు సూచీలుంటాయి. మీరు పాత ఫ్లాట్ చూస్తుంటే మొదటిది, కొత్త ప్రాజెక్టు చూస్తుంటే రెండోది తెరవండి.